దారి మళ్ళితే తప్పు కాదు

ఫిబ్రవరి 2

వదినా,

క్షేమంగా చేరాను. స్వెట్టరు వేసుకుంటున్నాను, వేళకి తింటున్నాను. ఆ రెండు ప్రశ్నలూ అడక్కుండా మిగతా సంగతులు రాయి. గది అగ్గిపెట్టెంత. మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే కిటికీ, కాలు చాపితే తలుపు. కిటికీ కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. పొద్దున్నే ఆ కొట్టాయన ఈల వేసుకుంటూ చక్రాలకి గాలి కొడుతుంటే నాకు మెలకువ వస్తుంది.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేమిటే" అని నేను రైలెక్కుతుంటే అడిగావు. అప్పుడు చెప్పే వ్యవధి లేకపోయింది. ఇప్పుడు విను. ఒక సరుకు మన ఊరి గోదాములో బయల్దేరుతుంది. కొంత దూరం లారీలో, కొంత రైల్లో, కొంత ఓడలో వెళ్ళి ఎక్కడో పరాయి దేశంలో దిగుతుంది. దారిలో అది పగిలినా, తడిసినా, ఆలస్యమైనా బాధ్యత ఎవరిది? లారీకి ఒక చట్టం, రైలుకి ఒకటి, ఓడకి మరొకటి. ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, సరుకు గలవాడు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. అందుకని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒప్పందం ఉండాలని దేశాలన్నీ కలిసి ఏళ్ళ తరబడి ఒక ముసాయిదా రాస్తున్నాయి. ఈసారి దాన్ని ముగించాలి.

రాయడమంటే మాట మాటకీ కొట్టుకోవడమే. తేలని మాటకి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెడతారు. ఉంచాలో తీసెయ్యాలో ఎవరూ తేల్చరు. అది పిలుపు అందని చుట్టంలా గడప మీదే నిలబడి ఉంటుంది.

నా వంతుకి వచ్చిన వాక్యం ఇది: "సముద్రం మీద ప్రాణం కాపాడటానికి దారి మళ్ళినా, ఆగినా, ఆ ఆలస్యానికి రవాణాదారు బాధ్యుడు కాడు." ఇందులో "సముద్రం మీద" అనే రెండు మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి. అవి ఉంటే ఆ మినహాయింపు ఓడలకే. తీసేస్తే లారీలకీ రైళ్ళకీ కూడా. మన దేశం నుంచి పళ్ళు, పూలు పంపేవాళ్ళకి ఆలస్యమంటే నష్టం కదా, అందుకని ఆ రెండు మాటలూ ఉండి తీరాలని మా పెద్దసారు ఆజ్ఞ. తీసెయ్యాలని వాదించేది నా పక్క బల్ల ఆయన, ఇంకో దేశం ప్రతినిధి. ఒకప్పుడు నిజంగానే ఓడలు నడిపాడట, అందరూ కెప్టెన్ గారనే అంటారు. తెల్ల గడ్డం, మైకు అక్కర్లేని గొంతు. ఆయన లేచి నిలబడితే చాలు, అద్దాల గదుల్లో దుబాసీలు చెవి యంత్రాలు కాస్త పక్కకి జరుపుకుంటారు.

నా మేనకోడలు పిచ్చుక ఎలా ఉంది? నెలలు నిండుతున్నా బడి మాననంటోందా? మార్చిలో కనేనాటికి మేనత్త వచ్చి పక్కన కూర్చుంటుందని దానికి చెప్పు.

నీ దగ్గర మాత్రం ఏ కేసూ గెలవని,
నీ ఆడపడుచు

ఫిబ్రవరి 8

లాయరమ్మకి,

మీ ఆఫీసు సంచీలో నీ ఉత్తరం వచ్చింది. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "ఊఁ" అన్నారు. చాలా సంతోషించారన్నమాట.

నాకు అర్థమైనంతలో ఓడలు ఆగొచ్చు, లారీలు ఆగకూడదు. వీధి చివర లారీ ఆఫీసు గుమాస్తా కనిపిస్తే ఊరుకోలేక, "దారిలో లారీలు ఎక్కడా ఆగకూడదని మా ఆడపడుచు చట్టం రాస్తోందయ్యా. టీనీళ్ళు ఇంట్లోనే తాగి బయల్దేరమని మీవాళ్ళకి చెప్పు" అన్నాను. సరదాకే అన్నాను. మర్నాడు లారీ యజమానుల సంఘం అధ్యక్షుల వారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మనింటికి దిగారు.

"అమ్మా, డ్రైవరు మాత్రం మనిషి కాడా? వాడికి మాత్రం ఆకలీ దాహం ఉండవా?" అన్నారు. మీ అన్నయ్య పేపరు కిందికి దించి, ఆయన్ని చూసి, మళ్ళీ పైకి ఎత్తుకున్నారు. నేను రెండు కాఫీలిచ్చి నచ్చచెప్పబోయాను. నేను చెప్పిన కొద్దీ ఆయనకి అనుమానం ముదిరింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీ ఆడపడుచుగారికి ఎదురు నిలిచిన ఆ కెప్టెన్ గారి చిరునామా ఇప్పించండి. మా సంఘం తరఫున దండ పంపుకుంటాం" అన్నారు.

అది సరే, రోజంతా నీతో తగువాడే మనిషి పక్కనే ఎందుకు కూర్చుంటావు? బల్ల మార్చుకో.

పిచ్చుక ఎవరి మాటా వినదు. "నా పిల్లలకి నదుల పాఠం సగంలో ఉందమ్మా, అయిపోగానే వస్తా" అంటుంది. కొండ మీద ఆ బడికి అదొక్కతే టీచరైనట్టు. అల్లుడేమో ఆనకట్ట పనిలో ఉండి రెండు వారాలకోసారి ఇంటికొస్తాడు. చివరికి పదహారో తేదీ బస్సుకి దిగి వస్తానని మాటిచ్చింది. ముందు గదికి మీ అన్నయ్య తనే రంగు వేస్తున్నారు. గోడకి ఎంత పడిందో ఆయన జుట్టుకీ అంతే పడింది.

పై వాటాలో నీ మొక్కలన్నీ బతికే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నా మీద అలిగింది.

నీకంటే ముందు నుంచీ ఈ ఇంటి లాయరు,
వదిన

ఫిబ్రవరి 14

ఊరంతా చాటింపు వేసే వదినకి,

గోరంతని కొండంత చేయడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. లారీలు ఆగకూడదని ఎవరూ అనలేదు. ఆగి సరుకు ఆలస్యమైతే నష్టం ఎవరిదన్నదే లెక్క. అధ్యక్షుల వారికి ఇంకో కాఫీ ఇచ్చి ఈ ముక్క చెప్పు.

ఇవాళ నేను గెలిచాను. బ్రాకెట్లు ఊడిపోయాయి, "సముద్రం మీద" అన్న రెండు మాటలూ వాక్యంలో స్థిరపడ్డాయి. పొద్దున్నుంచీ వాదన. చివరికి నేను లేచి అన్నాను: "నడిసముద్రంలో మనిషి మునుగుతుంటే ఆ ఓడ తప్ప ఆ దరిదాపుల్లో ఇంకెవరూ ఉండరు. అది ఆగకపోతే ఆ మనిషి పోయినట్టే. రోడ్డు మీద అలా కాదు. ఒక బండి ఆగకపోతే వెనకాల ఇంకో బండి వస్తుంది. దారిలో ఆగిన ప్రతివాడూ ప్రాణం కాపాడానంటే సరుకు పంపేవాడు ఎవర్ని నమ్మాలి?"

హాల్లో సగం తలలు ఊగాయి. కెప్టెన్ గారు మాత్రం, "వెనకాల వచ్చేవాడూ అదే అనుకుంటాడేమో అమ్మా" అన్నారు, మొదటిసారి చిన్న గొంతుతో. అప్పటికే సభాధ్యక్షుడు చెక్క సుత్తి బల్ల మీద కొట్టేశాడు. మా పెద్దసారు నా చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకి భుజం ఇంకా నొప్పిగా ఉంది.

బల్ల మార్చుకోమన్నావు. ఇక్కడ తగువాడినవాళ్ళే కలిసి కాఫీ తాగుతారు. సాయంత్రం ఆయనే నాకు కాఫీ ఇప్పించారు. ఓడిపోయిన బాధ మొహంలో లేదు కానీ చెంచాతో చాలాసేపు కలిపారు.

పిచ్చుక బస్సు దిగగానే రాయి.

విజయగర్వంతో,
లాయరమ్మ

ఫిబ్రవరి 17

వదినా,

అన్నయ్య తంతి పొద్దున చేతికొచ్చింది. అందులో ఇంతే ఉంది: "ఆడపిల్ల లారీ ఇద్దరూ క్షేమం."

ఇదేం రాత? పిచ్చుకని లారీ గుద్దిందా? లారీ క్షేమంగా ఉంటే ఎవడిక్కావాలి? "ఆడపిల్ల" అని ఎవరినన్నాడు, మన పిచ్చుకనేనా? మరి కడుపులో బిడ్డ సంగతి? నడుమ ఒక్క కామా అయినా పెట్టకూడదా ఈ మనిషి? ఫోను చేద్దామని టెలిఫోను ఆఫీసులో కూర్చుంటే లైను కలవనే లేదు. తంతిని కెప్టెన్ గారికి చూపించి అర్థం చెప్పాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇద్దరూ క్షేమం అని ఉంది కదా, ముందు ఆ మాట పట్టుకో" అన్నారు.

ఉన్నది ఉన్నట్టు వెంటనే రాయి. ఏదీ దాచకు.

నీ ఆడపడుచు

ఫిబ్రవరి 18

మేనత్తమ్మకి శుభవార్త,

తంతి అందే ఉంటుంది. అయినా మీ అన్నయ్య ఏం రాశారో నాకు తెలీదు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. పిచ్చుకకి ఆడపిల్ల పుట్టింది. లారీలో పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. నెల ముందే వచ్చింది కాబట్టి కాస్త చిన్నగా ఉంది కానీ గొంతు మాత్రం నిండు నెలలదే.

పదహారున అది బస్సెక్కింది. కనుమ మధ్యలో బస్సు ఇరుసు విరిగింది. అందరూ దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. అక్కడే దీనికి నొప్పులు మొదలయ్యాయి. పక్క సీటు పెద్దావిడ దీన్ని బండరాయి మీద కూర్చోబెట్టి, వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపిందట. కార్లు పోయాయి, జీపు పోయింది, ఖాళీ వ్యాను కూడా పోయింది. నెమ్మదించడం, చూడటం, వెళ్ళిపోవడం. చివరికి పూల పెట్టెలు వేసుకుని రేవుకి పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు మీసాలు చూసి మొదట భయమేసిందట దీనికి.

ఆసుపత్రి వెనక్కి, కొండ మీదే ఉంది. ఆ ఇరుకు మలుపులో అంత లారీనీ ముందుకీ వెనక్కీ జరిపి తిప్పాడట మహానుభావుడు. నొప్పికీ నొప్పికీ మధ్య మన పిచ్చుక ఆయనకి ఆ కనుమలో ఏ వాగు ఎటు పారుతుందో పాఠం చెప్పింది. ఆయన "అవునామ్మా, ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నా తెలీదమ్మా" అంటూ తోలాడట. తీరా ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడి, "లారీలు లోపలికి రాకూడదు, బోర్డు చూడండి" అన్నాడు. డ్రైవరు దిగి వాడితో మాట్లాడుతుండగానే లారీలోంచి పిల్ల ఏడుపు వినపడింది. గేటు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుందట.

ఇంతవరకూ సంతోషం. ఇక కష్టం విను. పూలు రేవు చేరేసరికి ఓడ వెళ్ళిపోయింది. పూలు పంపినావిడ నష్టం కట్టమని లారీ యజమానికి నోటీసు పంపింది. ఆ యజమాని ఎవరనుకున్నావు? మన అధ్యక్షుల వారే. డ్రైవర్ని లారీ దింపేస్తానని కూర్చున్నారు. "మీ ఆడపడుచుగారు ముందే హెచ్చరించారమ్మా, మేమే వినలేదు" అని నాతోనే అన్నారు.

అదే పూట నీ పద్నాలుగో తేదీ ఉత్తరం వచ్చింది. "వెనకాల ఇంకో బండి వస్తుంది" అని నువ్వు గెలిచిన సంగతి. చదివి మడిచి పెట్టాను, మీ అన్నయ్యకి వినిపించలేదు. నువ్వు రాసిన చట్టంతో ఆ మనిషిని జైల్లో పెడతారా? నిన్ను తిట్టడానికి ఇది సమయం కాదు, ఇంటినిండా సంతోషం ఉంది. కానీ నాకు జవాబు కావాలి.

వదిన

ఫిబ్రవరి 23

వదినా,

నీ ఉత్తరం హాల్లోనే విప్పాను. ఏవో పద్దులు చదువుతున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక బల్ల కింద కలం వెతుకుతున్నట్టు వంగిపోయాను. చివరి పేరా చదివాక మళ్ళీ పైకి లేవాలనిపించలేదు.

ముందు నీ ప్రశ్నకి జవాబు. ఈ ఒప్పందం ఇంకా కాగితం మీదే ఉంది, ఆ డ్రైవర్ని ఏమీ చెయ్యలేదు. జైలు మాట అసలు దీన్లో లేనే లేదు. కానీ రేపు ఇది అమల్లోకి వచ్చాక అలాంటి మలుపులోనే ఇంకో లారీ వస్తుంది. ఆ డ్రైవరు ఆగే ముందు ఒక్క క్షణం నా రెండు మాటలూ తలుచుకుంటాడు. ఆ క్షణం నాకు ఇష్టం లేదు.

మా పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన విని, "నీ మేనకోడలు కన్నదని దేశం మాట మార్చుకుంటుందా?" అన్నారు.

"నా మేనకోడలని కాదు సార్. వెనకాల బండి వస్తుందని బల్ల గుద్ది చెప్పాను. నిజంగానే వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. ఒక్కటీ ఆగలేదు. నేను చెప్పిన కారణమే తప్పు."

"మరి ఆ పూలావిడకి ఏం చెబుతావు? ఆవిడా మన మనిషే కదా."

ఆ మాట పట్టుకుని నా బల్లకి తిరిగొచ్చాను. నిజమే కదా, ఆవిడ చేసిన తప్పేముంది? ఆలోచించి, వాక్యానికి ఒక తోక రాసి చూపించాను. ప్రాణం కాపాడటానికే ఆగానని రవాణాదారే రుజువు చెయ్యాలి, సరుకు గలవాళ్ళకి వీలైనంత త్వరగా కబురు పంపాలి, సరుకుని కూడా చేతనైనంత జాగ్రత్త చెయ్యాలి. అప్పుడు దొంగ సాకులు నిలవవు. పెద్దసారు కళ్ళద్దాలు తుడిచి, మళ్ళీ తుడిచి, "రాజధానికి తంతి కొడతాను. ఒప్పుకుంటారని మాత్రం ఆశపడకు" అన్నారు.

ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. సుత్తి పడిన వాక్యాన్ని మళ్ళీ తెరవాలంటే హాల్లో మూడింట రెండు వంతుల మంది సరేననాలి. కెప్టెన్ గారికి చెప్పాను. ఎగతాళి చేస్తారనుకున్నాను. "పాప బరువెంత?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "అది ముందు కనుక్కో. నేను ఈలోగా నలుగురితో మాట్లాడతాను" అన్నారు.

కాబట్టి పాప బరువు రాయి.

నీ ఆడపడుచు

ఫిబ్రవరి 28

లాయరమ్మా,

బరువు ఇప్పుడు రెండున్నర కిలోలు దాటింది. కెప్టెన్ గారికి చెప్పు. మొహం వాళ్ళ నాన్నది, కోపం నీది. పాలకి ఒక్క నిమిషం ఆలస్యమైతే ఒప్పుకోదు. ఏ మినహాయింపులూ వినదు.

ఇక్కడ జరిగింది నువ్వు నమ్మవు. మీ అన్నయ్య నోరు విప్పారు. పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని, నాతో కూడా చెప్పకుండా, అధ్యక్షుల వారినీ డ్రైవర్నీ వెంటబెట్టుకుని ఆ పూలావిడ ఆఫీసుకి వెళ్ళారు. ఏం మాట్లాడారో అధ్యక్షుల వారు వచ్చి చెబితే తెలిసింది.

"అమ్మా, మీ పూలు వాడిపోయాయి. అది నిజం. నా మనవరాలు బతికింది. అదీ నిజమే. ఈ రెండూ ఒకే లారీలో జరిగాయి. మీకు నష్టం వచ్చిందని నేను కాదనను, మీరు ఈయన్ని తప్పుపడితే మాత్రం ఊరుకోను. అలాగైతే ఇకమీద ఏ డ్రైవరూ ఆగడు" అన్నారట. ఇంతసేపు మాట్లాడి, అలవాటు లేక దగ్గొచ్చి, మంచినీళ్ళు అడిగారట.

ఆవిడ మంచినీళ్ళు తనే తెచ్చిచ్చిందట. "ఎందుకు ఆలస్యమైందో నాకు ఒక్కరూ చెప్పలేదండీ. దారిలో తాగి పడుకున్నాడనుకున్నాను" అందట డ్రైవర్ని చూసి. పాపం ఆయన పాపని అప్పగించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా రేవుకి పరిగెత్తాడు కదా. నోటీసు వెనక్కి తీసుకుంది. డ్రైవరు లారీ డ్రైవరుకే ఉంది. నిన్న ఆయన పాపని చూడటానికి వచ్చాడు. ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "స్టీరింగు అయితే పట్టుకుంటానమ్మా, ఇది జారిపోతుందేమో" అన్నాడు. పిచ్చుక బలవంతాన ఒళ్ళో పెట్టింది. ఆ మీసాలు పట్టుకుని పాప వదల్లేదు.

నువ్వు చట్టం మార్పించేశావని వీధంతా చెప్పేశాను. అధ్యక్షుల వారు కెప్టెన్ గారికనుకున్న దండ ఇప్పుడు నీకేనంటున్నారు. ఏ రైలుకి వస్తున్నావో రాయి.

పాప నాయనమ్మ కంటే ముందు ఎత్తుకున్న అమ్మమ్మ,
వదిన

మార్చి 6

తొందరపాటు వదినకి,

చట్టం మారకముందే మార్పించేశానని చెప్పావు. నీ ఉత్తరం వచ్చేనాటికి రాజధాని నుంచి ఉలుకూ పలుకూ లేదు. మన వీధిలో తలెత్తుకోవడమెలాగో తెలియక రెండు రోజులు అన్నం సహించలేదు.

నిన్న పొద్దున తంతి వచ్చింది. పెద్దసారు దాన్ని నా బల్ల మీద పెట్టి, వెళ్ళి వెనక కూర్చున్నారు. "తోకతో సహా సమ్మతం" అని ఉంది.

లేచాను. "పోయిన నెల ఈ హాల్లో ఒక మాట చెప్పి మిమ్మల్ని ఒప్పించాను. ఆ మాట తప్పని తెలిసింది. మళ్ళీ తెరవమని అడుగుతున్నాను" అన్నాను. తర్వాత కనుమ, బస్సు, వెళ్ళిపోయిన బండ్లు, ఆగిన లారీ, గేటు, అన్నీ చెప్పాను. కాపలావాడి సంగతి దగ్గర దుబాసీలకి నవ్వొచ్చి గొంతులు ఆగాయి. అందుకని హాలు ఒకేసారి నవ్వలేదు. ఒక్కో భాషలో ఒక్కోసారి నవ్వు వచ్చింది.

ఓట్లు వేశారు. తెరవడానికి కావలసిన దానికంటే ఎక్కువే వచ్చాయి. అక్కడితో అయిపోలేదు. వెనక వరసలో ఒకాయన లేచి, "ప్రసవం ప్రకృతి సహజం కదా. దాన్ని ప్రాణాపాయం అనవచ్చునా?" అన్నాడు. ఎదురు వరస నుంచి ఒక ప్రతినిధి, ముగ్గురు పిల్లల తల్లి, మైకు నొక్కి, "అయ్యా, మీరెన్నిసార్లు కన్నారు?" అంది. ఆయన కూర్చున్నాడు. అయినా ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉందని మధ్యాహ్నమంతా కూర్చుని, "ప్రాణం కాపాడటానికి, లేదా ఆపదలో ఉన్న మనిషికి సాయపడటానికి" అని విప్పి రాశాం. ఈ రెండో ముక్క ఆయన చేతి రాతే.

సాయంత్రం సుత్తి పడింది. "సముద్రం మీద" లేదు. కెప్టెన్ గారు నాకు చెయ్యివ్వలేదు. లేచి, అంత పెద్ద మనిషీ నా ముందు తలవంచి, "నలభై ఏళ్ళు సముద్రంలో తిరిగాను. నేల మీద కూడా సముద్రమంత మర్యాద ఉండాలని నా కోరిక" అన్నారు. పాప బరువు చెప్పాను. తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

అన్నయ్య మాట్లాడినది నాలుగుసార్లు చదివాను. హాల్లో నేను చెప్పినదాంట్లో సగం ఆయనదే. ఆయనకి చెప్పకు, సిగ్గుపడతాడు.

రేపు చివరి సమావేశం. ఎల్లుండి రైలెక్కుతున్నాను.

నీ ఆడపడుచు

మార్చి 9

వదినా,

ఏదో చిన్న స్టేషను. పేరు బోర్డు నా పెట్టెకి ఆ చివరెక్కడో ఉంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకున్నాను కానీ రైలు ఇక్కడ ఆగిపోయింది. చాలాసేపైంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఒళ్ళు మండింది. పాపకి కొన్న గిలక్కాయ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరిగాను. గార్డు కనిపిస్తే కడిగేశాను: "ఎవరిది బాధ్యత? ఇంత ఆలస్యానికి కారణం చెప్పనక్కర్లేదా?"

"ముందు పెట్టెలో ఒకాయన పడిపోయాడమ్మా. డాక్టరు చూస్తున్నాడు. కాస్త ఓపిక పట్టండి" అన్నాడు.

గిలక్కాయ సంచీలో పెట్టేసి సీటుకి వచ్చాను. పక్క సీటావిడ, "ఇలా ఆపితే మా గతేమిటి, ఎవరడగాలి వీళ్ళని?" అని నా వైపు తిరిగింది, నేను వంత పాడతానని. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. ఏం చెప్పను? ఇంకా సంతకాల సిరా ఆరలేదు, అప్పుడే నేనే విసుక్కున్నానని చెప్పనా?

దిగి ముందు పెట్టె దాకా నడిచాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆయన్ని పడుకోబెట్టారు. ఎవరో తల కింద దిండు పెట్టారు, ఎవరో పేపరుతో విసురుతున్నారు. మొహంలోకి రక్తం వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి చుట్టూ మూగిన మా అందరినీ చూసి, "నా వల్ల మీ అందరికీ ఆలస్యం" అన్నాడు సిగ్గుగా. "ఏం ఫరవాలేదండీ" అన్నాం, పదిమందిమీ ఒకేసారి. అందులో అందరికంటే గట్టిగా వినిపించింది నా గొంతే.

ఇప్పుడు గార్డు జెండా విప్పుతున్నాడు. నాకంటే వెనకే చేరుతుందని తెలిసినా, ఈ ముక్క ఇక్కడి తపాలా పెట్టెలో వేసి పరిగెత్తాలి. పాపని నిద్రపుచ్చకండి, వస్తున్నాను.